కూలి సాయంత్రానికి ఇద్దాం, రాజ్యం సంగతి తర్వాత చూద్దాం: సంఘ పెద్దలకు ఒక ట్రెజరర్ లేఖ

ఒంగోలు, నెల్లూరు వైపు సంఘాల పాస్టరు అయ్యగార్లకు, పెద్దలకు, కూటాలు నడిపే కమిటీల వాళ్లకు వందనాలు.

నేను ఒంగోల్లో ఒక మామూలు సంఘానికి తొమ్మిదేళ్లుగా ట్రెజరర్‌ని. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు పొగాకు గ్రేడింగ్ కంపెనీలో గుమాస్తాగా చేశాను కాబట్టి దేవుడి సంగతులు ఎంత తెలుసో చెప్పలేను గానీ లెక్కల సంగతి తెలుసు. పేరు పెట్టి రాద్దామనే అనుకున్నాను. పెడితే ఇది ఫలానా సంఘంలో గొడవ అయిపోతుంది, ఎవరి మీద రాశాడు ఎందుకు రాశాడు అని నాలుగు రోజులు ఫోన్లు తిరుగుతాయి, అసలు విషయం పక్కకి పోతుంది. అందుకే మా సంఘం పేరూ లేదు, నా పేరూ లేదు. మా అయ్యగారికి మాత్రం ముందే చూపించాను. చదివి "ఇంత గట్టిగా ఎందుకన్నా" అన్నారు. ఆపమని మాత్రం అనలేదు.

సంగతేందంటే, మొన్న జరిగిన మూడు రాత్రుల కూటాలకి నేనూ వెళ్లాను. రెండో రాత్రి ప్రసంగీకుడు గొంతు పెంచి అడిగాడు, క్రైస్తవ సూత్రాల మీద నడిచే ప్రభుత్వం వస్తే ఈ దేశం ఎట్లా ఉంటుందో ఒక్కసారి కళ్లు మూసుకుని చూడండి అని. లంచం ఉండదన్నాడు. మందు షాపు ఉండదన్నాడు. ఆకలి ఉండదు, ఆడపిల్ల మీద చెయ్యేసేవాడు ఉండడు, ఆఫీసర్లు మోకాళ్ల మీద ప్రార్థన చేసి ఫైలు తెరుస్తారన్నాడు. జనం హల్లెలూయ అన్నారు, నేనూ అన్నాను, చప్పట్లూ కొట్టాను. మంచి మాటలే కదా, ఎవరికి చేదు.

బండి మీద ఇంటికొస్తుంటే మాత్రం ఒక లెక్క కుదర్లేదు. ప్రభుత్వం మన చేతిలో లేదు సరే. మన చేతిలో ఉన్నవి ఉన్నాయి కదా. సంఘం ఉంది, కమిటీ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, స్థలాలున్నాయి, కొన్ని చోట్ల బడులున్నాయి, హాస్టళ్లున్నాయి, సమాధుల తోట ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, ఊడ్చే ఆమె ఉంది. ఈ నాలుగ్గోడల మధ్య ఎవరి సూత్రాలు నడవాలో కలెక్టరు గారు చెప్పరు, ముఖ్యమంత్రి చెప్పరు, మనమే చెప్పుకుంటాం. అంటే ఒక చిన్న క్రైస్తవ రాజ్యం మన చేతికి ఎప్పుడో వచ్చేసింది. అది ఎట్లా ఉందో చూద్దామా మరి?

ముందు నా తప్పు నేను రాస్తాను, తర్వాత మీ దగ్గరికి వస్తాను.

కిందటేడు మా గుడికి వెనకవైపు రెండు గదులకి స్లాబు పోశాం. శనివారం పొద్దున మిల్లర్ వచ్చింది, పదకొండు మంది కూలీలు, అందులో ఆరుగురు ఆడవాళ్లు, సాయంత్రం ఏడు దాకా తట్టలు మోశారు. ఎండాకాలం, మధ్యలో రెండుసార్లు టీ, ఒకసారి మజ్జిగ ఇచ్చాం. పని అయిపోయాక మేస్త్రి నా దగ్గరకొచ్చి డబ్బులన్నాడు. నా సంచిలో డబ్బు లేక కాదు. ఉంది. కాకపోతే అది సోమవారం స్టేజీకి, లైట్లకి అడ్వాన్సు కట్టాల్సిన డబ్బు. కూలీలకి ఇవ్వాల్సింది వేరే చెక్కు, దాని మీద రెండో సంతకం పడలేదు, సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి పెళ్లికని నెల్లూరు వెళ్లాడు. ఒక పద్దులోది తీసి ఇంకో పద్దులో పెడితే ఆడిట్‌లో అడుగుతారని నాకు టెన్షన్. రేపు ఆరాధన అయ్యాక అందరూ రండి, ఇచ్చేస్తాను అన్నాను. ఏదో మేలు చేస్తున్నట్టు "గుడి డబ్బులమ్మా, ఎక్కడికీ పోవు" అని కూడా అన్నాను, అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం పది గంటలకల్లా వాళ్లలో ఒకామె వచ్చింది. పక్కన ఆరేడేళ్ల పిల్లాడు. చెప్పులు విడిచే చోట, ఆ నీడ లేని గోడ పక్కన నిలబడింది. నిన్నటి చీరే, అంచుకి సిమెంటు గట్టిపడి తెల్లగా ఉంది. లోపల ఫ్యాన్ల కింద మేం మొదటి పాట, రెండో పాట, సాక్ష్యాలు, ప్రకటనలు, కానుక, వాక్యం, ఆ ఆదివారం ప్రభు బల్ల కూడా ఉండింది. గుమ్మం దగ్గర నిలబడే కుర్రాడు నా చెవి దగ్గరకొచ్చి, "ఎవరో ఒకామె బయట నిలబడుంది అంకుల్, బొట్టుంది, మన మనిషి కాదు" అన్నాడు. కూర్చోమని చెప్పు, అయ్యాక వస్తానన్నాను. వాడు చెప్పాడో లేదో. ఆమె కూర్చోలేదు.

ఒంటిగంటంపావుకి బయటికొచ్చి డబ్బులిచ్చాను. లెక్క చూసుకోలేదు, ముడేసుకుంది. "నిన్న సందేళ ఇచ్చుంటే బియ్యం తెచ్చుకునేదాన్నయ్యా" అంది. కోపంగా కాదు. అంతే, పిల్లాణ్ణి తీసుకుని పోయింది.

లేవీయకాండం 19వ అధ్యాయం 13వ వచనం మీ అందరికీ కంఠతా వచ్చు, కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదని. యాకోబు ఇంకా గట్టిగా రాశాడు, మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని. క్రైస్తవ సూత్రం అంటే ఏందో చెప్పమంటే నేను ఇప్పుడు ఇదే చెబుతాను. ఆకాశంలో ఉండే మాట కాదది, టైం చెప్పి మరీ రాసిన మాట. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో అయితే పొద్దు గుంకే లోపలే ఇవ్వాలని ఉంది. ఈ ఒక్క సూత్రం మీద నడవడానికి మాకు అసెంబ్లీలో మెజారిటీ అక్కర్లేదు, ఒక సంతకం సరిపోయేది. అది కూడా మేం చెయ్యలేకపోయాం, నాలుగ్గోడల రాజ్యంలో.

ఇప్పుడు పెద్ద రాజ్యాల సంగతికి వస్తాను. క్రైస్తవ ప్రభుత్వం ఎట్లా ఉంటుందో కళ్లు మూసుకుని ఊహించనక్కర్లేదు అయ్యగారూ, కళ్లు తెరిచి చదివితే చాలు, చాలాసార్లు వచ్చిపోయింది. మనం బాప్టిస్టులం కాబట్టి మన ఇంటి కథే చెబుతాను. 1527 జనవరిలో జ్యూరిక్ నగరంలో ఫీలిక్స్ మాంజ్ అనే యువకుణ్ణి చేతులు కట్టి, మోకాళ్ల మీదుగా దించి, మధ్యలో కర్ర దూర్చి, పడవ మీంచి లిమ్మాట్ నదిలోకి తోసి చంపారు. ఏం చేశాడు పాపం? పసిపిల్లలకి ఇచ్చేది బాప్తిస్మం కాదు, నమ్మిన పెద్దవాళ్లకే ఇవ్వాలి అన్నాడు, ఇచ్చాడు. అంటే మనం ఈరోజు ఏటా చేసే పని. చంపించింది పిలాతు కాదు, నీరో కాదు. బైబిలు ముందు పెట్టుకుని సంఘాన్ని సంస్కరిస్తున్నామని చెప్పుకున్న నగర కౌన్సిల్. నీళ్లలో ముంచుతానన్నాడు కాబట్టి నీళ్లలోనే ముంచాలని వాళ్ల లెక్క.

ప్యూరిటన్లనే నిష్ఠ గల ఇంగ్లండు ప్రొటెస్టెంట్లు 1630లో అమెరికాలోని మసాచుసెట్స్ చేరి దేవుడి మాట మీద నడిచే సమాజం కడదామనుకున్నారు. చెడ్డవాళ్లు కాదు, చాలా నిజాయితీగా అనుకున్నారు. 1651లో బోస్టన్‌లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టుని నిలబెట్టి 30 కొరడా దెబ్బలు కొట్టారు. 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, ఆ చట్టం 1681 దాకా ఉంది. డిసెంబరు రాగానే ప్రతి ఇంటి మీదా నక్షత్రం కట్టే మనవాళ్లకి ఈ సంగతి చెబితే నవ్వుతారు గానీ, ఒక క్రైస్తవ ప్రభుత్వం వచ్చిందంటే ముందు తేలాల్సింది ఏ క్రైస్తవులది అని. మనలో మనకే ముంచడమా చిలకరించడమా, శనివారమా ఆదివారమా, భాషలా కాదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకోం. ఆ పేచీకి పోలీసు లాఠీ కూడా తోడైతే ఎట్లా ఉంటుందో చూసుకోండి. అదే మసాచుసెట్స్ నుంచి 1635లో రోజర్ విలియమ్స్‌ని బహిష్కరించారు. మనసాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదన్నాడు కాబట్టి. ఆయన మంచులో నడుచుకుంటూ పోయి ప్రావిడెన్స్ అనే ఊరు కట్టుకున్నాడు, అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘం 1638లో అక్కడే మొదలైంది. (కొన్ని నెలలకే ఆయన ఆ సంఘాన్నీ వదిలేశాడు, అది వేరే సంగతి. ట్రెజరర్లు ఆయన్ని తట్టుకునేవాళ్లు కాదేమో.) మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుగా ఉంచాలని తన్నులు తిని మరీ చెప్పినవాళ్ల పిల్లలం మనం. ఇప్పుడు స్టేజీ ఎక్కి మా రాజ్యం కావాలి అంటే మాంజ్ ఏమనుకుంటాడు?

అంత దూరం ఎందుకు, మన మట్టి మీదే చూడండి. 1876 నుంచి 78 దాకా కరువు. అప్పుడు రాజ్యం ఎవరిది? ఆదివారం ఆదివారం గుడికి పోయే దొరలది. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియా రాణిని చక్రవర్తిని అని చాటారు, ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీలో జనం ఆకులు తింటున్నారు. అదే నెల రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి ఖర్చు ఎక్కువవుతోందని కరువు పనుల కూలీని కోసేశాడు, మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, అంటే అరకిలో కూడా లేదు, పైన ఒక అణా. రోజంతా మట్టి మోసినవాడికి. ఆ లెక్కకి ఆయన పేరే పెట్టి టెంపుల్ కూలి అన్నారు. ఈ పనులన్నీ చేసినవాళ్లు బాప్తిస్మం తీసుకున్నవాళ్లే, వాళ్ల బల్ల మీద కూడా బైబిలు ఉండే ఉంటుంది.

అదే కరువులో, అదే మట్టి మీద, ఇంకో పని కూడా జరిగింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క ఒంగోలు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన ఈ దేశం రాకముందు సర్వేయరు పని చేసినవాడు, కొలతలు తెలుసు. జనం ఊళ్లకి ఊళ్లు వచ్చి తవ్వారు. ఆయన దగ్గర ఉన్న బోధకులే మేస్త్రీలు, పని చూసేదీ వాళ్లే, సాయంత్రం కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పేదీ వాళ్లే. తవ్విన మట్టికి కూలి. మా నాయనమ్మ వాళ్ల తాత ఆ కాలువలో మట్టి మోసినవాడని మా ఇంట్లో చెప్పుకుంటారు, కాగితం ఏమీ లేదు, మాటే. కొత్తపట్నం వైపు పోయినప్పుడల్లా ఆ కాలువ చూస్తాను, ఇప్పుడు అంతా పూడిపోయి తుంగ పెరిగి ఉంది.

ఆయన గొప్పగా చేసింది ఒకటుంది, దాని గురించి మన కూటాల్లో ఎవరూ చెప్పరు. కరువు నడిచినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగారు, బతిమాలారు, ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారనే మాట వాళ్ల మీద పడకూడదు, అన్నం పెట్టే చెయ్యీ నీళ్లలో ముంచే చెయ్యీ ఒకటి కాకూడదు అని. సహాయం పంచడం తగ్గి, కాలువ పని అయిపోయాక, 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ 2,222 అంకె ప్రతి వార్షికోత్సవం ఫ్లెక్సీ మీదా ఉంటుంది. అంతకుముందు పదిహేను నెలల సున్నా ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. నన్నడిగితే ఆ సున్నాయే పెద్దది. ఇంగ్లీషోళ్ల రాజ్యం అండ ఉండబట్టే మిషనరీలు నిలబడ్డారనే మాట ఉంది, అందులో నిజం లేదని నేననను. అయితే ఆ రాజ్యం అరకిలో లోపలే ఆగిన చోట ఈయన కూలి ఇచ్చాడు, ఆ రాజ్యం బలం వాడుకుని తల ముంచే అవకాశం చేతిలో ఉండి కూడా ఆగాడు. లిమ్మాట్ నదిలో ముంచింది ప్రభుత్వం. గుండ్లకమ్మలో జనం తమ ఇష్టంతో మునిగారు. క్రైస్తవ సూత్రాలు ఎట్లా ఉంటాయని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు నదులు చూపిస్తాను.

చట్టం చేస్తే చాలదా అంటారు మీరు, సారా బంద్ అని ఒక్క సంతకంతో అయిపోయేదానికి. సారా సంగతి మన నెల్లూరు జిల్లాకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట ఊరి ఆడవాళ్లు, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ మాట్లాడుకున్న మాటల్లోంచి లేచి సారా కొట్టు మూయించారు. అది ఊరూరూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం, 1997లో అది సడలింది. చట్టం వచ్చింది, పోయింది. ఆ ఆడవాళ్లు ఏ మతం పేరా చేయలేదు, బైబిలు సూత్రాల ప్రభుత్వం కావాలనీ అడగలేదు, పీపాలు రోడ్డు మీద తన్ని పారేశారు. వాళ్లకి మందు ఎందుకు వద్దో తెలుసు, మొగుడు తాగిన కూలి డబ్బు ఎంతో పైసలతో సహా తెలుసు. చట్టాలు వద్దనను, కట్నం మీద 1961లోనే చట్టం వచ్చింది, ఉండాల్సిందే. కానీ ఆ చట్టం ఉండగానే మన గుళ్లలో పెళ్లిళ్లు ఎట్లా అవుతున్నాయో మీకు తెలుసు. "కట్నం కాదండీ, అమ్మాయికి వాళ్లు పెట్టుకుంటున్నారు" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదువుతారు కదా అయ్యగారూ, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు కదా, ఆ చదివే ముందు రోజు రెండు వైపుల పెద్దల్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఎంత తీసుకుంటున్నారు అని ఒక్క ప్రశ్న అడిగితే ఏమవుతుంది. పెళ్లి వేరే గుళ్లో చేసుకుంటామంటారు, అంతే. అననివ్వండి.

సరే, ఊహించమన్నారు కాబట్టి నేనూ ఊహిస్తాను.

నేను ఊహించే సమాజంలో ముందు బెంచీ ఖాళీగా ఉంటుంది. అంటే సోఫా ఉండదు. క్రిస్మస్‌కి ఎమ్మెల్యే గారొస్తే, ఆయన ఏ పార్టీ అయినా, వెనక ఖాళీ ఉన్న చోట కూర్చుని పాట పాడి పోతాడు, శాలువా ఉండదు, కేకు మీద ఆయన చెయ్యీ ఉండదు. బంగారపు ఉంగరం పెట్టుకున్నవాణ్ణి పైన కూర్చోబెట్టి బీదవాణ్ణి కింద కూర్చోమనడం గురించి యాకోబు రాసింది చదివినప్పుడల్లా మా గుళ్లో ఆ ఎర్ర వెల్వెట్ సోఫా గుర్తొస్తుంది. దాని బిల్లు నేనే కట్టాను.

ఆ సమాజంలో సమాధుల తోటకి ఒకటే గేటు ఉంటుంది. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాది మాదిగపల్లె నుంచి వచ్చిన కుటుంబం, మా తాతలది తోలు పని. 1866లో మొదట నమ్మినవాళ్లలో ఎర్రగుంట్ల పేరయ్యదీ తోలు పనే. పై కులాల వాళ్లు క్లౌ దొర దగ్గరకొచ్చి, వీళ్లని చేర్చుకుంటే మేం రామన్నారట. అప్పుడు ఆయనా ఆయన భార్యా వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీ పత్రికలో ఒకటే భాగం వచ్చిందని, లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనెను అని ఉన్న చోటు, ఇప్పటికీ చెప్పుకుంటారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. ఆయన వెనక్కి తగ్గలేదు. మరి నూటయాభై ఏళ్ల తర్వాత మనం ఏం చేస్తున్నాం? ఒకే ఊళ్లో, ఒకే పాటల పుస్తకంతో, మాల గుడి మాదిగ గుడి వేర్వేరు. కమిటీ ఎన్నికలొస్తే ఓట్లు ఎట్లా పడతాయో లెక్కపెట్టే నాకు తెలుసు. రెడ్డిగారో చౌదరిగారో కొత్తగా నమ్మితే ఆయన సాక్ష్యం మాత్రం ప్రతి ఊళ్లోనూ చెప్పిస్తాం. ఎప్పుడో ముత్తాతల కాలం నుంచి నమ్ముకుని పొద్దున్నే గుడి ఊడ్చే ముసలామె సాక్ష్యం ఎప్పుడైనా విన్నామా? దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల గుళ్లు వర్ణవివక్షకి బైబిల్లోంచే వచనాలు చూపించాయని చదివి అయ్యో అనుకుంటాం. మనకి వచనం చూపించే అవసరం కూడా రాలేదు, ఊరికే చేసేశాం.

ఆఫీసుల సంగతి ఎక్కువ రాయను. రిజిస్ట్రారాఫీసులో, ఎమ్మార్వో ఆఫీసులో మనవాళ్లు బోలెడు మంది పనిచేస్తున్నారు. బైబిల్లో సుంకం వసూలు చేసే జక్కయ్య ప్రభుత్వం మారేదాకా ఆగలేదు, చెట్టు దిగిన రోజే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మన జిల్లాలో ఒక్క జక్కయ్య దిగితే పేపర్లో వేస్తారు.

మన మతం కాని వాళ్ల మాట. దీని మీద కూటాల్లో ఒక్క మాట కూడా రాలేదు, నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో హిందువులూ ముస్లింలూ నడుము లోతు నీళ్లలో నిలబడి, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని ఒకరి చేతిలోది ఒకరు పుచ్చుకుంటారు. మనకి ఆ నమ్మకం లేదు. ఉండక్కర్లేదు. కానీ మన సూత్రాల మీద నడిచే మున్సిపాలిటీ అంటూ ఒకటి ఉంటే, ఆ చెరువుగట్టు మీద లైట్లు, తాగే నీళ్లు, ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే గదులు అందరికంటే బాగా పెట్టేది ఆ మున్సిపాలిటీయే కావాలి. మనకి వేరే చోట మైకు పర్మిషన్ రాకపోతే, ప్రార్థన ఆపితే, కుర్రాళ్లు వచ్చి గొడవ చేస్తే ఎంత బాధపడతామో తెలిసినవాళ్లం కదా. మనకి చెయ్యాలని కోరుకునేది ముందు ఎదుటివాళ్లకి చెయ్యమన్నాడు ప్రభువు. బొట్టు చూసి మన మనిషి కాదు అన్న ఆ కుర్రాడిది తప్పు కాదు, వాడికి మనం నేర్పిందే వాడన్నాడు. ఆ మాట నేను విని ఊరుకున్నాను కూడా.

మీలో కొందరు అంటారు, వీడు లోపలి గుట్టు బయటపెట్టి వేరేవాళ్ల చేతికి కర్ర ఇస్తున్నాడని. రోజులు బాగాలేవు, నిజమే. కానీ లెక్కలు రాసేవాడిగా చెబుతున్నాను, దాచిన పద్దు ఎప్పుడో ఒకప్పుడు వేరేవాడి నోట బయటికొస్తుంది, అప్పుడు ఇంకా చెడ్డగా వస్తుంది. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో ఏమైంది? విధవరాళ్లకి రోజూ పెట్టే దాంట్లో ఒక భాష వాళ్లని చిన్నచూపు చూస్తున్నారని గొణుగుడు వచ్చింది. పేతురు వాళ్లని కర్ర ఇస్తున్నారు అనలేదు. ఏడుగురిని పెట్టారు, ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, అంటే గొణిగిన వాళ్ల వైపు పేర్లు. పంచే పని గొణిగిన వాళ్ల చేతికే ఇచ్చేశారు. ఏ కమిటీలో జరుగుతుందండీ ఇది.

నేను అడిగేవి పెద్దవి కావు. కూటాలు పెట్టిన కమిటీ ఆ మూడు రాత్రుల లెక్క, వచ్చిన కానుక ఎంత, స్టేజీకి ఎంత, ప్రసంగీకుడి హోటలుకి ఎంత, ఫ్లెక్సీలకి ఎంత, ఒక కాగితం మీద రాసి గుడి తలుపుకి అంటించండి. మేం మా సంఘం లెక్క పోయిన నెల నుంచి అంటిస్తున్నాం, సోఫా ఖరీదుతో సహా. మొదటి ఆదివారం ఇద్దరు చదివారు, మూడో ఆదివారానికి గుంపు. ఒకాయన నాతో మాట్లాడటం మానేశాడు. సంఘం బడిలో పనిచేసే టీచర్లకి, వాచ్‌మన్‌కి జీతం ఒకటో తారీకు దాటితే ఆ నెల పాస్టరు గారి జీతమూ దాటాలని ఒక తీర్మానం పెట్టండి, దశమభాగం గురించి ఎంత గట్టిగా చెబుతారో అంత గట్టిగా. విధవరాళ్ల జాబితా తిరగరాయండి, మా జాబితాలో చనిపోయి నాలుగేళ్లయిన ఇద్దరి పేర్లు ఉన్నాయి, బతికున్న ఒకామె పేరు లేదు. స్టేజీ మీద రాజ్యం గురించి మాట్లాడే ప్రసంగీకుడికి దిగగానే ఆ రోజు కుర్చీలు మోసిన కుర్రాళ్లకి డబ్బులిచ్చారా అని కమిటీని అడిగే అలవాటు చెయ్యండి. ఇంత చేశాక, అయ్యగారూ, పెద్ద రాజ్యం గురించి మాట్లాడదాం, నేనే మైకు పట్టుకుంటాను.

అన్యజనుల అధికారులు వాళ్ల మీద ప్రభుత్వం చేస్తారు, మీలో ఆలాగుండకూడదు అన్నాడు ప్రభువు. ఆలాగుండకూడదు అన్నదాన్నే మనం ఎప్పుడొస్తుంది ఎప్పుడొస్తుంది అని ఎదురుచూస్తున్నామేమో అనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి రాసి ఆపుతాను. మా గదుల మీద పిట్టగోడ పని వచ్చే శనివారం మొదలవుతుంది. అదే మేస్త్రి, వాళ్లే కూలీలు, ఆమె వస్తుందో లేదో తెలియదు. సాయంత్రం ఐదున్నరకి నేను డబ్బు సంచితో వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మా సంఘం చెక్కు మీద రెండో సంతకం పెట్టే పెద్దమనిషి ఇది చదువుతున్నట్టయితే, తమరు శుక్రవారం బ్యాంకు మూసే లోపల సంతకం పెట్టి ఇవ్వాలని మనవి. ఈసారి నెల్లూరులో పెళ్లి ఉంటే గురువారమే పెట్టండి.

ప్రభువునందు,
ఒక సంఘ ట్రెజరర్, ఒంగోలు